ముందుగది: ఆదరమా, ఆడంబరమా?

గృహాలంకరణమనగానే అది కలవారి వినోదమనియో, తీరికగలవారి సరదా యనియో తలచుట మనకు అలవాటు. ధర్మమును గూర్చి వ్రాయువారు గోడ రంగులను గూర్చి వ్రాయుట అరుదు. కాని పరిమితమైన ధనముతో ఒక గదిని తీర్చుకొనవలసివచ్చినప్పుడు ఎంపిక తప్పదు. ఎంపిక ఉన్నచోట విలువల ప్రశ్నయు ఉండును. అపారమైన ఐశ్వర్యము గలవాడు ఇదియు కొనును, అదియు కొనును. ఏది వదలుకొనవలెనను విచారము అతనికి లేదు. మధ్యతరగతి గృహస్థునకు ఆ విచారమే మొదటిది. చేతనున్న కొలదిపాటి సొమ్ముతో గోడలకు రంగు వేయింతునా, కుర్చీలు కొందునా, కిటికీలకు తెరలు కట్టింతునా అని యోచించునప్పుడు, తనకు తెలియకుండగనే అతడు మరియొక ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నాడు. ఈ గది ఎవరికొరకు?

ఈ ప్రశ్న రాయచూరు జిల్లాలోని తెలుగు కుటుంబములకు మరింత దగ్గరిది. ఈ సీమ మనకు పరాయిది కాదు. 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరువరకు ఇది హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. ఆ రాష్ట్రమునకు 1973లో కర్ణాటకమను పేరు వచ్చినది. ఈ మార్పులకు ముందునుండియు ఇచ్చట తెలుగు మాటాడు కుటుంబములు కలవు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియై, ఎడమ కాలువ నీరు సింధనూరు, మాన్వి ప్రాంతములకు పారిన పిమ్మట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అనేకులు వచ్చి, నేలను చదునుచేసి వరి పండించిరి. వారి నివాసములకు ‘క్యాంపు’ అను పేరు నిలిచిపోయినది. క్యాంపు అనగా తాత్కాలికమైన విడిది. తరములు గడచినవి, గుడిసెలు పోయి స్లాబు ఇండ్లు లేచినవి, మనుమలు కన్నడ బడులలో చదువుకొనిరి. అయినను ఆ పేరు మారలేదు.

విడిది ఇల్లుగా మారినది ఎన్నడు? పట్టా చేతికి వచ్చిననాడా? గోడ లేచిననాడా? తొలినాళ్ళ పాకలో ముందుభాగమే పడకగది, అదియే ధాన్యపు కొట్టు, అదియే పనిముట్ల చావడి. ఆ బస్తాలను ఒక ప్రక్కకు జరిపి, నులకమంచము వాల్చి, వచ్చినవారిని “కూర్చోండి” అన్ననాడే విడిది ఇల్లయినది. మనము నేడు హాలు అనుచున్న గదికి మూలము ఆ ఒక్క మాటయే. కనుక ఆ గదికి వేయు ప్రతి రంగు, అందుంచు ప్రతి వస్తువు ఆ మాటకు అనుకూలముగా ఉన్నదా, ప్రతికూలముగా ఉన్నదా అని విచారింపవచ్చును.

గోడలు మాటాడునని మన జిల్లావారికి వేరుగ చెప్పనక్కరలేదు. మస్కిలోని బండ అశోకుని పేరును చెప్పుచున్నది. రాయచూరు కోటగోడలోని పెద్దరాతిపై 1294 నాటి తెలుగు శాసనము ఆ కోట కట్టించినవారి సంగతి చెప్పుచున్నది. కోటగోడ తనను కట్టించినవాని గొప్పను చెప్పుట సహజము. దాని పని అదియే. ఇంటిగోడ పని వేరు. అది వచ్చినవానికి నీవు ఇచ్చట సుఖముగా కూర్చుండవచ్చునని చెప్పవలెను. ఇంటిగోడ కూడ కోటగోడవలె గృహస్థుని ఐశ్వర్యమునే చాటనారంభించినప్పుడు చిక్కు వచ్చును.

ఈ రెంటిని ఆదరము, ఆడంబరము అని పిలుతము. రెండును ఇతరుల కొరకే; అందువలననే మనము తరచు ఒకదానిని మరియొకటిగా పొరబడుదుము. ఆదరము వచ్చినవాని అవసరమును చూచును. ఆడంబరము వచ్చినవాని కన్నులలో తన ప్రతిబింబమును వెదకును. వేరుచేయుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. పొలములోనుండి నేరుగా వచ్చిన కూలి మనిషి, మట్టికాళ్ళతోనున్న పిల్లవాడు, మోకాళ్ళనొప్పుల ముసలమ్మ, పొరుగింటి కన్నడిగుడు, పెండ్లిచూపులకు వచ్చిన వియ్యాలవారు – ఈ యైదుగురును ఆ గదిలో సంకోచము లేక కూర్చుండగలరా? ఐదవవారికొరకు మాత్రమే తీర్చిన గదిలో తక్కిన నలుగురును గుమ్మమువద్దనే నిలబడుదురు. మాసిపోవునను భయముతో ఇంటివారే కూర్చుండని సోఫాలను మనము చూచియే యున్నాము. అట్టి సోఫాకు వెల యిచ్చినది గృహస్థుడు. కాని ఇంటిని ఏలునది సోఫా.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. డబ్బు చాలనివారికి అసలు అందముతో పని యేమి? ముందు తిండి, చదువు, వైద్యము. అందము తరువాత చూచుకొనవచ్చును గదా? ఈ మాట వినుటకు వివేకముగనే తోచును. కాని మన పల్లెల అనుభవము దీనిని అంగీకరింపదు. పేదయింటి వాకిట తెల్లవారకమునుపే ముగ్గు పడును. పేడతో అలికిన నేలపై పిడికెడు పిండితో తీర్చిన ఆ ముగ్గు సాయంకాలమునకు చెరిగిపోవునని వేయు ఇల్లాలికి తెలియును. పండుగ వచ్చినచో సున్నములో కొంచెము నీలిమందు కలిపి గోడలకు పూయుదురు. అడుగున జాజుతో ఎర్రని పట్టె దిద్దుదురు. గడపకు పసుపు రాసి, మామిడాకు తోరణము కట్టుదురు. చిత్రపటముల సంగతియు అట్టిదే. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయమును నెలకొల్పినందున దేవతామూర్తుల వర్ణచిత్రములు సామాన్యుల గోడలకెక్కినవి. చందమామ, యువ పత్రికలకు వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రములను కత్తిరించి పటము కట్టించుకొనిన తెలుగు ఇండ్లు ఎన్నియో కలవు. అందము లేనిదే బ్రతుకు నిండదని మన పెద్దలు లేమిలోను ఎరిగియుండిరి. లేమి వారికి నేర్పినది వేరొకటి: అందమునకు ధర ఉండనక్కరలేదని.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. “లోకము చూచును గదా! అమ్మాయికి సంబంధము రావలెనన్న ముందుగది మర్యాదగా ఉండవద్దా?” అని అడుగువారి బాధను తేలికగా త్రోసివేయరాదు. అల్పసంఖ్యాకులై మరియొక భాషాప్రాంతమున నివసించువారికి లోకమర్యాద ఒక రక్షణ కూడ. అయితే ఆ మర్యాదకు వెల యెంత? మన జిల్లాలో వరిపంట మీది ఆదాయము కాలువ నీటిమీద ఆధారపడినది. కాలువ చివరి భూములకు నీరు అందక పైరు ఎండుట మనమెరిగినదే. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర జలాశయపు 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు, వారము దినములలో తాత్కాలికపు అడ్డుపలకలు అమర్చువరకు ఆయకట్టు రైతులందరు ఎంత ఆందోళనపడిరో చెప్పనక్కరలేదు. ఇట్టి ఆదాయముగల యింట రెండవపంట వచ్చునను ఆశమీద అప్పుచేసి గోడలకు మెరుగు పెట్టించుట, ఇంకను పండని గింజను గోడకు పూయుటయే. వచ్చిన సంబంధము ఆ మెరుగును చూచి వచ్చినదైనచో, దానిని నిలుపుకొనుటకు మరల మరల మెరుగు పెట్టవలసివచ్చును. అప్పులేని తెల్లసున్నపు గోడ నిజము చెప్పును. ఎదుటివారిని మోసపుచ్చకుండుట కూడ అతిథిమర్యాదలో ఒక భాగమే.

సిద్ధాంతము ఇంతవరకు బాగున్నది. చేతిలోని సొమ్మును దేనికి ముందు వెచ్చింపవలెను? నా దృష్టిలో క్రమము ఇట్లుండవలెను: మొదట గోడ ఆరోగ్యము, పిదప వెలుతురు, ఆ తరువాత కూర్చుండు చోటు, కట్టకడపట అలంకారము. కాలువప్రాంతములందు నేలలో ఊటనీరు, చౌడు ఎక్కువ. గోడ అడుగున తెల్లని ఉప్పు తేలుచున్నచో ఎంత ఖరీదైన రంగైనను పొక్కి రాలిపోవును. తేమ వచ్చు దారిని ముందు మూయవలెను. గోడ పూర్తిగా ఆరువరకు సున్నమే మేలు. అది గోడలోని తేమను బయటికి పోనిచ్చును. పాతసున్నముపై డిస్టెంపరు వేయదలచినవారు పొడి రాలు పొరను గీకివేయక వేసినచో రంగు పెచ్చులుగా లేచును. కంటికి కనిపించని ఈ పనికి డబ్బు పెట్టుటకు మనసొప్పదు. ఆదరమునకును ఆడంబరమునకును గల భేదము ఇచ్చటనే మొదట బయటపడును.

కొలత తెలిసినవానిని దుకాణదారు తేలికగా తికమకపెట్టలేడు. 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల యెత్తుగల గదికి నాలుగు గోడల విస్తీర్ణము 520 చదరపు అడుగులు. తలుపులకు, కిటికీలకు 80 అడుగులు తీసివేసినచో 440. రెండు పూతలకు 880. డబ్బాపై ఒక లీటరు ఎన్ని అడుగులకు వచ్చునో వ్రాసియుండును. దానితో భాగించినచో ఎన్ని లీటర్లు కావలెనో ఇంటనే తేలిపోవును. మిగిలిన సొమ్ము ఇంటిదగును.

రంగుల విషయమున ఒక భ్రమను తొలగించుకొనవలెను. మన జిల్లా ఎండలకు భయపడి లోపల చల్లనిరంగు వేసినంతమాత్రమున గది చల్లబడదు. వేడి తగ్గవలెనన్న మిద్దెపైన తెల్లసున్నము పూయవలెను. అది ఎండను చాలవరకు వెనుకకు కొట్టును. లోపలిరంగు మార్చునది వెలుతురును. పైకప్పు తెల్లగ, గోడలు లేత మీగడరంగులో ఉన్నచో చిన్న కిటికీనుండి వచ్చు వెలుగు కూడ గదియంతయు ప్రాకును; పగటివేళ దీపము వెలిగింపనక్కరలేదు. చేతులు, తలలు తగులు అడుగుభాగమున మూడడుగుల యెత్తువరకు కొంచెము ముదురురంగు వేసినచో మరక కనబడదు. మన పెద్దల జాజుపట్టెలోని వివేకము ఇదియే. నేలపై షాబాదు బండలున్నవారు వానిని కప్పివేయుటకు తొందరపడనక్కరలేదు. వేసవిలో పాదములకు చల్లగనుండు ఆ బూడిదరంగు బండకు మీగడరంగు గోడ చక్కగ కలియును. ఏ రంగునైనను గోడమీద మూరెడు మేర పూసి, ఉదయమున, మధ్యాహ్నమున, రాత్రి దీపపు వెలుగున చూచినగాని నిశ్చయింపరాదు. నిశ్చయించువారెవరు? డబ్బిచ్చువాడు మాత్రమే కారాదు. పగలెల్ల ఆ గదిలో బియ్యము చెరుగుచు, పిల్లలను చదివించుచు, వృద్ధులను కనిపెట్టుచు గడుపువారి కన్నులకు ఆ రంగు ఇంపుగ నుండవలెను గదా!

కూర్చుండు చోటు విషయమును గమనింపుడు. ఒకనాడు మంచములు ఎదురెదురుగ ఉండెడివి. నేడు అనేక గృహములందు కుర్చీలన్నియు టెలివిజన్ వైపు తిరిగియున్నవి. వచ్చిన అతిథియు ఇంటివారును ఒకరి ముఖము నొకరు చూడక, ఒకే దిక్కునకు చూచుచు మాటాడుకొందురు. రెండు కుర్చీలను కొంచెము త్రిప్పుటకు పైసా ఖర్చు లేదు. దానివలన గది స్వభావమే మారును. పాతచీరలతో కుట్టిన బొంతను – మన కన్నడ సోదరులు కౌది యందురు – మంచముపై పరచి, నేలపై జంపఖానా వేసినచో పదిమందికి చోటు దొరకును. అమ్మమ్మ చీర ముక్క, పెద్దకొడుకు చిన్ననాటి చొక్కా ముక్క ఒక్కచోట చేరిన ఆ బొంతలోని రంగులను ఏ దుకాణమును అమ్మజాలదు.

కడపటిది అలంకారము. పరభాషాప్రాంతమున ఉన్నవారికి ఇచ్చట ఒక విశేషబాధ్యత కలదు. తెలుగుతనము కనిపించవలెనని కొండపల్లి బొమ్మను తెచ్చి పెట్టుకొందుము. మంచిదే. 1997 వరకు మన జిల్లాలోనిదై, నేడు కొప్పళ జిల్లాలోనున్న కిన్నాళ గ్రామమునందును తేలిక కర్రతో బొమ్మలు చెక్కి రంగులు వేయు చిత్రకారులు కలరు. ఆ రెండు బొమ్మలను ఒకే అరపై ఉంచినచో అవి దాయాదులవలె కలసియుండును. తెలుగు గుర్తులు మాత్రమే నిండిన గది పొరుగువానికి ఇది నీ చోటు కాదని చెప్పవచ్చును. తెలుగు ఏమియు లేని గది మన బిడ్డలకే అట్లు చెప్పవచ్చును. గాజు బీరువాలో తాళము వేసిన గ్రంథములకంటె, పిల్లవాని చేతికందు ఎత్తున చెక్కపలకపై పెట్టిన నాలుగు తెలుగు పుస్తకములు మేలు. పుటలు నలిగిన పుస్తకము ముందుగదికి తగిన ఆభరణము.

సొమ్ము తక్కువగుట ఒక విధముగ గృహస్థునకు మేలే చేయుచున్నది. ప్రతి వస్తువునందును “నీవు ఎవరికొరకు?” అని అడుగు అవకాశము అతనికి లభించుచున్నది. ఇల్లాలు, వృద్ధులు, పిల్లలు, పొరుగువారు, పనివారు అని సమాధానము వచ్చిన వస్తువు లోనికి రావచ్చును. “లోకము కొరకు” అని మాత్రమే వచ్చినచో దానిని దుకాణములోనే ఉంచి రావచ్చును. వచ్చే పండుగకు రంగు వేయింపదలచినవారు డబ్బా కొనుటకు ముందు ఒక సాయంకాలము ఇంటివారినందరిని ఆ గదిలోనే కూర్చుండబెట్టి ఈ మాట అడిగిచూచుట మంచిది.