విత్తనపు కాయ



గృహసందర్శనకు వెళ్లినప్పుడు మా విచారణలో ఒక మామ్మగారి చూరు క్రింద ఎండిన బీరకాయలు రెండు వ్రేలాడుతూ కనిపించాయి. "ఇవి దేనికి మామ్మా?" అని అడిగాను. "విత్తనానికి ఫాదర్ గారూ. మా అత్తగారి నాటి నుండి ఉన్న నాటు బీర. ఏటా మంచి తీగకు కాసిన మంచి కాయను కోయకుండా వదిలేస్తాను" అన్నది. కాసేపాగి, "పిల్లలు పట్నంలో ఉన్నారు. నా తరువాత ఈ గింజ ఎవరు పెడతారో! సాయంకాల జపం కూడా నాతోనే ఆగిపోతుందేమో" అని కళ్లు తుడుచుకున్నది. అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఆ సంగతే ఈ వారం మీతో చెప్పాలనుకుంటున్నాను.

విత్తనాన్ని మిగిలిపోయిన కాయ నుండి తీయరు. కూరకు కోసే లేత బీరకాయలో గింజ ముదరదు, నాటినా మొలవదు. విత్తనపు కాయ తీగమీదే ముదిరి, పీచు కట్టి, ఎండి, ఊపితే గలగలమనాలి. బెండకాయ చెట్టునే ఎండాలి. వంకాయ పసుపు రంగుకు తిరగాలి. అంటే, ఒక మంచి కాయను తినే ఆశ వదులుకుంటేనే విత్తనం. హేబెలు తన మందలోని తొలిచూలు పిల్లలను, వాటిలో శ్రేష్ఠమైన భాగాన్ని దేవునికి ఇచ్చాడని ఆదికాండము 4వ అధ్యాయం చెబుతుంది. మరి మనమో? రోజంతా పనికీ, టీవీకీ, సెల్‌ఫోనుకూ ఇచ్చి, కళ్లు మూతలు పడే వేళ మిగిలిన అయిదు నిమిషాలు దేవునికి ఇస్తున్నాము. పిల్లలు నేర్చుకునేది ఆ అయిదు నిమిషాల భక్తినే!

రెండవ ప్రపంచ యుద్ధంలో 1941 సెప్టెంబరు నుండి 1944 జనవరి వరకు లెనిన్‌గ్రాడ్ నగరం ముట్టడిలో ఉన్నది. అక్కడి విత్తన భాండాగారంలో ధాన్యపు గింజలు ఎన్నో ఉన్నా, వాటిని కాపాడుతున్న శాస్త్రజ్ఞులు ముట్టుకోలేదు. వరి విత్తనాలను చూసే దిమిత్రి ఇవానోవ్ ఆ పొట్లాల మధ్యనే ఆకలితో మరణించాడు. రేపటివారి కొరకు ఆయన అన్నం మానుకున్నాడు. మనలను ప్రభువు అడిగేది ఒక సీరియల్ మానుకొమ్మని మాత్రమే.

రెండవది, తడి ఉన్న విత్తనం నిలవదు. టమాటా గింజ చుట్టూ జిగురు ఉంటుంది. ఆ గుజ్జును గిన్నెలో రెండు మూడు రోజులు పులియనిచ్చి, కడిగి, అడుగుకు దిగిన గింజలను నీడలో ఆరబెట్టాలి. బాగా ఆరాక గాలి చొరని సీసాలో పోసి చల్లని చోట ఉంచాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఇంట్లో విశ్వాసానికి పట్టే తడి ఏది? త్రాగుడు, పంతాలు, అన్నదమ్ముల పగ. జపమాల చెప్పిన నోటితోనే తిట్టుకుంటే, పిల్లల మనస్సులో ఆ ప్రార్థన బూజు పట్టదా?

మూడవది, ఎంత బాగా దాచినా విత్తనం సీసాలోనే ఉంటే చచ్చిపోతుంది. ఉల్లి గింజ ఏడాది రెండేళ్లకే బలం కోల్పోతుంది. బీర, టమాటా గింజలు బాగా ఆరితే నాలుగైదేళ్లు ఆగుతాయి. కాబట్టి మళ్లీ నాటాలి, నలుగురికీ పంచాలి. గోధుమ గింజ భూమిలో పడి చావకపోతే ఒంటిగానే ఉంటుందని ప్రభువు చెప్పినది ఇదే (యోహాను 12:24). పాత గింజలు మొలుస్తాయో లేదో తెలియాలంటే పదింటిని తడిగుడ్డలో చుట్టి వారం రోజులు చూడండి. అలాగే ఒకనాటి సాయంత్రం మీరు నోరు విప్పకుండా కూర్చోండి. జపాన్ని మీ పిల్లలు మొదలుపెడతారేమో చూడండి. మీ ఇంటి విత్తనం సంగతి మీకే తెలుస్తుంది.

ఆ మామ్మగారి దగ్గరకు మళ్లీ వెళ్లాను. "గింజలు మీ మనుమలకే అని దాచకండి మామ్మా, ప్రక్కింటి పిల్లల చేత నాటించండి. సాయంకాలం వాళ్లనే జపానికి కూర్చోబెట్టండి" అన్నాను. "మావాళ్లు కాదు గదా ఫాదర్ గారూ" అన్నది. "ప్రభువు విత్తనం వెదజల్లేటప్పుడు పొలం ఎవరిదని చూడలేదు గదా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు గాని, ఒక కాయ దించి గింజలు దులిపి నా చేతిలో కొన్ని పోసింది. ఇప్పుడవి గురువుల నివాసం వెనుక పందిరెక్కుతున్నాయి.

శ్రీసభ పాత ఆశీర్వాద క్రమంలో మరియతల్లి జన్మదినమైన సెప్టెంబరు 8న విత్తనాలను దీవించే ప్రార్థన ఉన్నది. ఆనాడు మీ పెరటి గింజలు ఒక పొట్లం దేవాలయానికి తెచ్చి, ఇంకొకరి పొట్లం తీసుకొని వెళ్లండి. కాని ఆ రాత్రే మీ ఇంట్లో రెండవ విత్తనాన్ని కూడా నాటండి. మంచి కాయ ఇంకా తీగమీద ఉండగానే నాటండి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక!