కొండ దిగిన దారి

అసీసీ చూసి వచ్చినవాళ్లు ముందుగా చెప్పేది కొండ గురించే. ఇటలీలో కొండవాలున ఆ పాత ఊరు, దాని చివరన 1228లో పునాది పడ్డ సెయింట్ ఫ్రాన్సిస్ పెద్ద చర్చి, గోడల నిండా జొట్టో పేరుతో చెప్పుకునే బొమ్మలు. పొద్దున ఒక కొండ ఊరు, మధ్యాహ్నం ఇంకొకటి, ప్రతిచోటా ఒక చర్చి. అవన్నీ చూడదగినవే. అయితే ఫ్రాన్సిస్ మనసు మారింది కొండ మీద కాదు. బట్టల వ్యాపారి కొడుకుగా సుఖంగా పెరిగిన అతనికి కుష్ఠు రోగులంటే ఒళ్లు జలదరించేది. ఊరు వెలివేసిన ఆ మనుషుల దగ్గరికే వెళ్లి, వాళ్ల మధ్య ఉండి, సేవ చేశాడు. చివరి రోజుల్లో రాయించిన వీలునామాలో అందరికంటే ముందు వాళ్లనే తలచుకున్నాడు. అంతవరకు చేదనిపించింది అక్కడే తీపి అయిందన్నాడు. 1226లో ప్రాణం విడిచింది కూడా కొండ కింద, చిన్న ప్రార్థన మందిరం పక్కనే.

ఇందూరు, అంటే నిజామాబాద్ జిల్లా వాళ్లకు ఈ కథ దూరపు కథ కాదు. ఇక్కడా కొండ మీద చూడాల్సింది ఉంది, కొండ కిందా ఉంది. నవీపేటలో తెల్లవారుతూనే బయలుదేరితే ఎండ ముదరక ముందే డిచ్‌పల్లి గుట్ట ఎక్కవచ్చు. శనివారం వద్దు, మేకల సంత బండ్లతో దారి కదలదు. కాకతీయుల కాలం నాటిదని చెప్పే ఆ రామాలయం గోడల మీద శిల్పి ఖాళీ జాగా వదల్లేదు. అందుకే ఇందూరు ఖజురహో అన్న పేరు వచ్చింది. మెట్లు నూరు దాటుతాయి. మోకాళ్లు మొరాయించిన అవ్వలు కింది మెట్టుకే పసుపు కుంకుమ రాసి, అక్కడే కూర్చుండిపోతారు. మనవళ్లు పైకి వెళ్లి దండం పెట్టి, తీర్థం అరచేతిలో ఒలకకుండా దించుకొస్తారు. పైనున్న రాముడు కింద కూర్చున్న అవ్వకు అందేది ఆ పిల్లల చేతుల మీదుగానే. నా మటుకు నాకు ఆ గుట్ట మీద ఏ శిల్పమూ దానికి సాటి రాదు.

అక్కడి నుంచి కామారెడ్డి, రామాయంపేట మీదుగా మెదక్. ఒకవైపు గుట్ట మీద కాకతీయుల నాటి కోట, అందులో కుతుబ్‌షాహీల కాలపు మసీదు. మరోవైపు 173 అడుగుల గోపురంతో చర్చి. కరువు రోజుల్లో మెతుకు సీమ అని పిలిచే ఈ ప్రాంతం ఆకలితో మాడుతుంటే క్రైస్తవ మిషనరీ పాస్నెట్ దొర జనానికి ఈ గుడి పని చూపించి అన్నం పెట్టాడు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచారు. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం కనిపించే అద్దాల కిటికీలకు బయటి వెలుతురే ప్రాణం, పొద్దు గూకితే బొమ్మ ఉండదు. అందరూ తలెత్తి వాటినే చూస్తారు. నేను మాత్రం తల వంచి నేల చూడమంటాను. బ్రిటన్ నుంచి తెప్పించిన రంగుల పలకలను ఇటలీ మేస్త్రీలు వచ్చి పరిచిన నేల అది. ఆ నేల చుట్టూ ఈ గోడలు లేపినవాళ్లు మాత్రం పూట గడవక వచ్చిన మన కూలీలు. చెప్పులు బయట విడిచి ఆ పలకల మీద నడుస్తుంటే, ప్రార్థన కంటే ముందు ఇక్కడ పొయ్యి వెలిగిందన్న మాట గుర్తుండాలి.

తిరుగుదారిలో మళ్లీ డిచ్‌పల్లి వస్తుంది. పొద్దున గుట్ట చూసి వెళ్లిపోయినవాళ్లు ఇప్పుడైనా విక్టోరియా ఆసుపత్రి దగ్గర ఆగాలి. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1915లో తెరిచిన కుష్ఠు ఆసుపత్రి ఇది. దీనికి పెద్ద విరాళం ఇచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందువు. క్రైస్తవ మిషన్ ఆసుపత్రికి, అందులోనూ ఎవరూ తాకని రోగుల కోసం ఆయన మూట విప్పాడు. కొండ మీద ఇంకో మండపం కట్టించినా ఆయనకు పేరు వచ్చేదే. ఆ డబ్బు కొండ కిందికి దిగింది. పెద్దరోగమని ఇంట్లోంచి గెంటేసినవాళ్లకు ఇక్కడ మంచం దొరికింది, పేరు పెట్టి పిలిచే మనిషి దొరికింది. అప్పట్లో మందంటే అడవి బాదం జాతి గింజల నూనె. దాన్ని సూదితో ఒంట్లోకి ఎక్కించేవారు. ఆ సూది నొప్పి తట్టుకోవడం కష్టం. వారం వారం ఆ నొప్పికి ఒళ్లు అప్పగించినవాళ్ల ఓర్పును తపస్సు అనకుండా ఉండలేను.

ఇప్పుడు ఆ సూదులు లేవు. ఆరు నెలలో, పన్నెండు నెలలో మాత్రలు వేసుకుంటే జబ్బు నయమవుతుంది, సర్కారు దవాఖానాలో మందు ఉచితం. అయినా మచ్చను చీర కొంగు కింద, చొక్కా చేతి కింద దాచుకునేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పెళ్లి సంబంధం చెడుతుందని, పక్కింటివాళ్లు నీళ్లు ముట్టరని భయం. మీ ఇంట్లో ఎవరికైనా ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ ఉండి, గిల్లినా తెలియకపోతే, రేపే పక్కన కూర్చోబెట్టుకుని దవాఖానాకు తీసుకెళ్లండి. దారిలో వాళ్ల చెయ్యి పట్టుకోండి.