మన డైనోసార్‌కి తల పెట్టొచ్చా?

మన డైనోసార్‌కి తల లేదు.

దాని పూర్తి పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. కోట అనేది ప్రాణహితకి అవతల, మహారాష్ట్ర సిరొంచ వైపు ఉన్న ఊరు. ఆ ప్రాంతపు రాతిపొరలకి ఆ ఊరి పేరే పెట్టారు. యామన్‌పల్లి ఇవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో. ఒక్క జంతువు పేరులో నదికి రెండు ఒడ్లూ ఉన్నాయన్నమాట. 1970ల చివర్లో అక్కడ 800కు పైగా ఎముకలు బయటపడ్డాయి, కనీసం 12 జంతువులవి. 1988లో జియలాజికల్ సర్వేకి చెందిన పి. యాదగిరి దానికి పేరు పెట్టి లోకానికి పరిచయం చేశారు. మెడ, వెన్ను, తోక, కాళ్లు అన్నీ ఉన్నాయి. తల దగ్గరికొచ్చేసరికి రెండు పళ్లు, అంతే.

హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్లినవాళ్లు నన్ను ఆపుతారు: “అక్కడ తల ఉంది కదా!” ఉంది. తల దొరకలేదు కాబట్టి చేసి పెట్టారు.

ఇది మన దగ్గరే జరిగిన వింతేం కాదు. పొడుగు మెడ డైనోసార్ల తల చిన్నది, ఎముకలు పల్చన, మెడకి గట్టిగా అతుక్కుని ఉండదు. జంతువు చచ్చి ఏటి ఒడ్డున పడితే ముందు ఊడి కొట్టుకుపోయేది అదే. నది అవతల పోచంపల్లి దగ్గర దొరికిన బరాపాసారస్‌ది కూడా ఇదే కథ. సుమారు 300 ఎముకలు దొరికాయి, పుర్రె లేదు. ‘బరా పా’ అంటే బెంగాలీలో పెద్ద కాలు. తవ్వకం మొదలైన 1961 టాగోర్ శతజయంతి సంవత్సరం కావడంతో దాని జాతి పేరులో ఆయన చేరాడు. కవి పేరు దక్కింది గానీ ముఖం దక్కలేదు.

నాకెందుకీ తల బాధ అంటే, నేను డైనోసార్ బొమ్మలు పోగేస్తాను. ముప్పై దాటినా పోగేస్తాను. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో చిన్నప్పుడు కొన్న, ప్యాకెట్లో డజను వచ్చే ఆకుపచ్చ బొమ్మల నుంచి, నా జీతానికి తగని జర్మన్ కంపెనీ బొమ్మల దాకా అల్మారాలో మూడు అరలు నిండాయి. (డైనోసార్లు పెట్రోలయ్యాయి, పెట్రోలు ప్లాస్టికయింది, కాబట్టి ప్లాస్టిక్ డైనోసార్‌లో నిజం డైనోసార్ ఉంది అని ఒక ముచ్చటైన మాట తిరుగుతూ ఉంటుంది. నిజం కాదు. చమురులో ఎక్కువ భాగం సముద్రంలోని సూక్ష్మజీవులది. మన సింగరేణి బొగ్గు సంగతికొస్తే, అది డైనోసార్ల కంటే పాతది.) ఈ మూడు అరల్లో కోటాసారస్ లేదు. నేను వెతికినంతలో ఏ కంపెనీదీ దొరకలేదు. దాంతో నిర్మల్‌లో చేయించుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. 9 మీటర్ల జంతువు, నలభయ్యో వంతుకి కుదిస్తే జానెడు బొమ్మ. పొనికి కర్రలో బాగా వస్తుంది కూడా. మరి తల?

ఎవరూ చూడనిదానికి ముఖం ఇవ్వడం ఊహా, అబద్ధమా? ఈ ప్రశ్న చుట్టూ అమెరికాలో ఒక కథ నడిచింది. 1909లో యూటాలో ఎర్ల్ డగ్లస్‌కి ఒక అపటోసారస్ దొరికింది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో దాన్ని నిలబెట్టారు. ఎముకల గుట్టకి దగ్గర్లోనే ఒక పుర్రె దొరికింది కానీ మెడకి అతుక్కుని లేదు. మ్యూజియం డైరెక్టర్ విలియం హాలండ్‌కి అది దీనిదే అని గట్టి అనుమానం. అప్పటికే న్యూయార్క్‌లో ఆస్బర్న్ తమ జంతువుకి వేరే రకం తల ఊహించి పెట్టేశాడు, లోకం ఆ మొద్దు మూతికి అలవాటు పడింది. హాలండ్ ఏం చేశాడు? తను నమ్మింది పెట్టేంత రుజువు లేదు, పక్కవాళ్లది పెట్టడానికి మనసొప్పలేదు. అంత పెద్ద జంతువుని తల లేకుండానే నిలబెట్టాడు. అలాగే ఏళ్లు గడిచాయి. 1932లో ఆయన పోయాక మ్యూజియం వాళ్లు కామరాసారస్ తరహా తల తగిలించారు. తప్పు తల. 1979లో గానీ దాన్ని తీసి, హాలండ్ అనుమానించిన తలని పెట్టలేదు.

ఈ కథలో నాకు ఆశ్చర్యం, చివరికి హాలండ్ గెలవడం కాదు. ఆయన అనుమానం తప్పయి ఉన్నా ఆ ఖాళీ మెడ సరైనదే అయ్యేది. మాకు ఇక్కడిదాకే తెలుసు అని ఆ అస్థిపంజరం అందరికీ కనపడేలా చెప్పింది. టికెట్ కొనుక్కుని పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ల ముందు అలా చెప్పడానికి ఎంత మొండితనం కావాలి!

అయితే హాలండ్ పద్ధతి పట్టుకుంటే నా మూడు అరలూ ఖాళీ చెయ్యాలి. బొమ్మల మీద ఉన్న రంగంతా ఊహే. 2010లో సైనోసారాప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ ఈకల్లో మిగిలిన రంగు రేణువుల్ని బట్టి దాని తోక మీద ఎర్రటి పట్టీలు ఉండేవని తేల్చారు. అలా తెలిసినవి చాలా తక్కువ. మిగతా వాటికి బల్లినో, మొసలినో, పక్షినో చూసి వేసిన రంగులే. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో పెట్టిన ఇగ్వానొడాన్‌కి ముక్కు మీద కొమ్ముంది. అది నిజానికి బొటనవేలు. నా దగ్గరి ప్యాకెట్ టీరెక్స్‌లు ఇప్పటికీ తోక నేలకి ఆనించి, కాళ్ల నొప్పులున్న పెద్దాయనలా నిటారుగా నిలబడతాయి. నేలకి సమాంతరంగా నడిచేదని పండితులు ఒప్పుకుని దశాబ్దాలైంది. అయినా వాటిని పారెయ్యను. ఆ రోజుకి తెలిసింది చెప్పిన బొమ్మలవి. వాటిలో దాచిందేం లేదు.

కాబట్టి నా మటుకు గీత ఎక్కడంటే: తప్పు చెయ్యొచ్చు, అతుకు దాచకూడదు. తల పెట్టొచ్చు, కానీ పెట్టిన తల అని తెలియాలి. మ్యూజియాల్లో మరమ్మతులు చేసేవాళ్లు కొత్తగా పూరించిన భాగానికి కొంచెం వేరే రంగు వేస్తుంటారు. నేనూ అదే చేద్దామనుకున్నా: ఒళ్లంతా రంగు, తల మాత్రం ఉత్త కర్ర.

నిర్మల్‌లో బొమ్మలు చేసే ఒక పెద్దాయనకి ఇది చెప్పా. అస్థిపంజరం ఫోటోలు ఫోన్‌లో చూపించా.

“మూతి ఎట్లుంటది తమ్మీ?”

“తెల్వది కాకా. ఎవరికీ తెల్వది.”

“ఎవరికీ అంటే?”

“దొరకలే. 18 కోట్ల ఏండ్ల కిందిది.”

కాసేపు ఫోటోని అటూ ఇటూ జరిపి చూశాడు. “అయితే గుర్రం మూతి పెడదామా, తాబేలుదా?” అన్నాడు. అడిగిన తీరులో ఎగతాళి లేదు. శాస్త్రజ్ఞులు చేసేదీ దాదాపు ఇదే కదా, దగ్గరి చుట్టాల మూతులు చూసి పెట్టడం. నేను నా ఉత్త కర్ర తల సంగతి చెప్పా. ఆయనకి అస్సలు నచ్చలేదు.

“రంగెయ్యకుంటే పని సగంల ఇడిశిపెట్టినట్టయితది. చూసినోళ్లు బొమ్మ చేసినోణ్ని తిడ్తరు, నిన్ను తిట్టరు.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆయన పనిలో నిజాయితీ అంటే అతుకు కనపడకపోవడమే. ముక్కలు చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సుద్ద పూసి, నున్నగా రుద్ది, ఆ పైన రంగు వేస్తారు. నిర్మల్ మామిడిపండు బొమ్మ చేతిలో పెడితే కొరకబుద్ధి కావాలి. అక్కడ జాయింటు కనపడితే అది చేతగానితనం. నా లెక్కలో అదే జాయింటు దాస్తే మోసం. ఇద్దరం మోసం వద్దనే అంటున్నాం.

తిరుగు బస్సులో మేడారం గుర్తొచ్చింది. సమ్మక్క పోలవాస మేడరాజుకి దొరికిన బిడ్డ అని చెప్తారు. పోలవాస అంటే మన జగిత్యాల వైపుది, అందుకే మావాళ్లు ఆమెని ఇంటి ఆడబిడ్డలా మాట్లాడతారు. గద్దె మీద విగ్రహం ఉండదు. వెదురు ఉంటుంది, కుంకుమ భరిణ వస్తుంది. కోటిమంది ముఖం లేనిదానికే మొక్కుతారు. అదే జాతరలో నాలుగడుగులు వేస్తే దుకాణాల్లో పులి మీద కూర్చున్న సమ్మక్క పటాలు అమ్ముతారు, మా ఇంట్లోనూ ఉంది ఒకటి. ఆ పటం చూసి ఎవరూ మోసపోలేదు. గద్దె ఖాళీగా ఉన్నన్నాళ్లు పటంలో ముఖం ఎలా వేసినా నడుస్తుంది. గద్దె మీదే విగ్రహం పెట్టేస్తే లెక్క మారిపోతుంది. నాకు మ్యూజియం గద్దె లాంటిది, బొమ్మ పటం లాంటిది. హాలండ్ మొండితనం మ్యూజియానికి కావాలి. ముసలాయన నునుపు బొమ్మకి చెల్లుతుంది.

ఇలా తేల్చుకుని ఊరుకుందామంటే మా అక్క కూతురు ఊరుకోదు. దానికి ఏడేళ్లు. అది మ్యూజియం చూడలేదు, నా అల్మారానే చూసింది. దాని మటుకు గద్దె ఇదే. “మామా, ఇది నిజంగ గిట్లనే ఉండెనా?” అని ప్రతి బొమ్మకీ అడుగుతుంది. ఎముకలు నిజం, రంగు ఊహ అని చెప్తూ వచ్చా. రేపు కోటాసారస్ వస్తే, మనూరి పక్కదాన్ని చూపించి, ముఖం కూడా ఊహే అని చెప్పాలి. చెప్తా సరే, నేను పక్కన లేనప్పుడు ఆ బొమ్మే ఆ మాట చెప్పాలి కదా.

ఫోన్ చేసి పెద్దాయనకి కొత్త బేరం పెట్టా. తల ఆయనిష్టం, రంగు ఆయనిష్టం, ఏ మూతి అయినా సరే. మెడ దగ్గర మాత్రం జిగురు వద్దు. చిన్న కర్ర మేకు పెట్టి, లాగితే ఊడొచ్చేలా చెయ్యాలి. ఆయన కాసేపు మాట్లాడలేదు. “పిల్లలు పారేస్తరు గదా తమ్మీ,” అన్నాడు. పారేస్తే పారేయనీ అన్నా. పొనికి కర్ర ఇప్పుడు దొరకడం కష్టంగా ఉందట, అడవిలో చెట్లు తగ్గాయి. కర్ర వచ్చాక ఆరాలి, ఆరాకే చెక్కుడు. రెండు తలలు చేసిస్తా, ఒకటి గుర్రానిది, ఒకటి తాబేలుది, రెండో దానికి పైసలు వేరే అన్నాడు.