పేరుకే జీతం

1955 సెప్టెంబర్‌లో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ రే డెనిసన్ అనే యువకుడు తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదిది. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకి దిళ్ళలాంటి ప్యాడ్‌లు కట్టుకుని ఒకరినొకరు ఢీకొట్టుకునే అమెరికన్ ఆట. పనిలో ప్రమాదం జరిగితే కార్మికుల కుటుంబాలకిచ్చే పరిహారం తనకీ ఇవ్వమని అతని భార్య అడిగింది. రాష్ట్ర పారిశ్రామిక కమిషన్ సరేనంది. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు కాదంది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు, అతను ఉద్యోగి కాదు, అంతే. ఆ కేసు పేరు చూస్తే ఒక ప్రభుత్వ బీమా నిధి ఒక ప్రభుత్వ కమిషన్ మీద వేసిన దావా. పోయినవాడి పేరూ లేదు, అడిగినామె పేరూ లేదు.

కాలేజీ ఆటల్ని శాసించే ఎన్.సి.ఎ.ఎ. సంస్థ ఆ రోజుల్లోనే ఒక మాట పుట్టించింది: 'స్టూడెంట్-అథ్లెట్'. 1951 నుంచి 1987 దాకా ఆ సంస్థని నడిపిన వాల్టర్ బయర్స్, ఇలాంటి పరిహారాల భయంతోనే ఆ మాట తయారుచేశామని 1995లో తన పుస్తకంలో తనే రాశాడు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కనక మాటలు ఎక్కడ పుట్టాయో వెతకడం నాకలవాటు. కానీ ఒక భర్త చావుకి లెక్క చెప్పకుండా ఉండడం కోసం పుట్టిన మాట నాకింకొకటి ఎదురుకాలేదు.

పనిని పని అనకుండా ఉండేందుకు మంచి పేరు పెట్టడం మనకీ కొత్త కాదు. అంగన్‌వాడీ అక్కలకి మనమిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు 2023 డిసెంబర్‌లో సమ్మెకి దిగితే, 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఉద్యోగులు కారట, కానీ వాళ్ళ పని మాత్రం ఆగకూడనంత అత్యవసరమట!

మళ్ళీ అమెరికాకి వస్తాను. దశాబ్దాల పాటు ఈ కుర్రాళ్ళకి (వీళ్ళలో నల్లజాతివాళ్ళు చాలా ఎక్కువ) దక్కింది స్కాలర్‌షిప్ మాత్రమే. 2010లో జార్జియా విశ్వవిద్యాలయపు ఆటగాడు ఎ.జె. గ్రీన్ తన సొంత చొక్కా వెయ్యి డాలర్లకి అమ్ముకున్నందుకు నాలుగు ఆటలు ఆడనివ్వలేదు. అతని నంబరున్న చొక్కాలు బజార్లో అమ్ముడుపోతూనే ఉన్నాయి. కోచ్‌ల సంపాదన అడక్కండి. 2023లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన కోచ్‌ని తీసేసినందుకే అతనికి ఏడున్నర కోట్ల డాలర్ల పైచిలుకు బాకీపడింది.

2019లో కాలిఫోర్నియా చట్టం, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పు, ఆ ఒత్తిడితో 2021 జులై 1 నుంచి తలుపులు తెరుచుకున్నాయి. ఆటగాళ్ళు తమ పేరూ, బొమ్మా, పోలికా అమ్ముకోవచ్చు. ప్రకటనల్లో కనబడవచ్చు. ధనవంతులైన అభిమానులు చందాలు వేసుకుని నిధులు పెట్టారు. ఎక్కువిచ్చే కాలేజీకి కుర్రాళ్ళు మారిపోవడం మొదలైంది. 2025 జూన్‌లో ఒక కోర్టు రాజీ ఆమోదం పొందాక విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బిస్తున్నాయి. తొలి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

ఆట పవిత్రత పోయిందని పెద్దలు బాధపడుతున్నారు. ప్రేమతో ఆడేదానికి ధర కడతారా అని. ఈ వాదన ఆడవాళ్ళం ఎక్కడో విన్నట్టు లేదూ? వంటకీ, పిల్లల పెంపకానికీ, ముసలివాళ్ళ సేవకీ లెక్క అడిగినప్పుడల్లా మనకి చెప్పింది ఇదే. 1970లలో ఇంటిచాకిరీకి జీతం కావాలని సెల్మా జేమ్స్, సిల్వియా ఫెడెరిచి లాంటివాళ్ళు అడిగినప్పుడు కూడా ఇదే జవాబు. పవిత్రంగా ఉండాల్సిన బాధ్యత ఎప్పుడూ డబ్బు చేతికి రానివాళ్ళదే. అందుకని ఆ కుర్రాళ్ళకి డబ్బు రావడం మీద నాకు ఏ ఏడుపూ లేదు.

నా పేచీ వేరే. ఇస్తున్న డబ్బు దేనికి? కాగితం మీద అది పేరుకీ బొమ్మకీ. ఆడినందుకు కాదు. విశ్వవిద్యాలయం నేరుగా ఇచ్చే సొమ్ము కూడా ఆటగాడి పేరు వాడుకునే హక్కుకిచ్చే రుసుం రూపంలోనే ఉంటుంది. మొహాలన్నీ హెల్మెట్లలో దాగి ఉండే ఆటలో మొహానికి డబ్బు! క్వార్టర్‌బ్యాక్ మొహం ఊరందరికీ తెలుసు. అతని ముందు గోడలా నిలబడి ప్రతిసారీ దెబ్బ కాచుకునే లైన్‌మన్‌ని రోడ్డు మీద ఎవరూ గుర్తుపట్టరు. 2021 డిసెంబర్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయ అభిమానులకి ఈ లైన్‌మన్ల మీద జాలి కలిగి, ఒక్కొక్కరికి ఏడాదికి 50,000 డాలర్లు ఇస్తామన్నారు. దేనికని రాసుకున్నారనుకున్నారు? ధర్మకార్యాలకి తమ పేర్లు వాడుకోనిచ్చినందుకు. చేసిన పనికే ఇవ్వాలని అందరి మనసులోనూ ఉంది. ఆ మాట కాగితం మీద పెట్టడానికి మాత్రం వీల్లేదు.

అక్కడ చదువుకుంటున్న మా పిన్ని కూతురు ఫోన్‌లో ఇంకో సంగతి చెప్పింది. ఎఫ్-1 వీసా మీద ఉన్న మన పిల్లలు వారానికి ఇరవై గంటలు దాటకుండా లెక్కపెట్టుకుని పనిచేస్తారు కదా, అదే వీసా మీద ఉన్న విదేశీ ఆటగాళ్ళు చాలామంది ఈ ఒప్పందాలకి భయపడతారట. పేరు అమ్ముకోవడం అనుమతి లేని 'పని' కిందికొస్తుందేమోనని. పర్డ్యూలో బాస్కెట్‌బాల్ ఆడిన కెనడా కుర్రాడు జాక్ ఈడీ దేశంలోనే ఉత్తమ ఆటగాడై కూడా మిగతావాళ్ళలా సంపాదించుకోలేకపోయాడు. వీసా ఆఫీసు దగ్గర పని అయ్యేది కాలేజీ గేటు లోపల పని కాకుండా పోతుంది.

మొహానికి ధర ఉంది, మెదడుకి లేదు. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చనిపోయిన ఆటగాళ్ళ మెదళ్ళని పరీక్షిస్తే, కాలేజీ స్థాయి దాకా ఆడిన 53 మందిలో 48 మందికి తలదెబ్బల వల్ల వచ్చే సి.టి.ఇ. అనే జబ్బు కనబడింది. అనుమానం ఉన్న కుటుంబాలే మెదళ్ళు దానం చేస్తాయి కనక అందరికీ ఇంతే శాతం అనుకోకూడదు. అయినా ఆ కుటుంబాలంటే ఎవరు? మతిమరుపునీ కోపాన్నీ ఏళ్ళ తరబడి ఇంట్లో భరించినవాళ్ళు. వాళ్ళ చాకిరీ ఏ ఒప్పందంలోనూ లేదు. ఆటగాడు ఉద్యోగి అని 2025 రాజీ కూడా ఒప్పుకోలేదు.

ఇక ఆడపిల్లలు. విశ్వవిద్యాలయాలు పంచే సొమ్ములో సుమారు 75 శాతం ఫుట్‌బాల్‌కి, 15 శాతం మగవాళ్ళ బాస్కెట్‌బాల్‌కి, 5 శాతం ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్‌కి, మిగిలిన ఐదూ తక్కిన ఆటలన్నిటికీ అన్న లెక్క చాలాచోట్ల నడుస్తోంది. ఒలీవియా డన్ లాంటి జిమ్నాస్ట్ ఫోటోలతో బాగా సంపాదించింది కదా అంటారు. సంపాదించనివ్వండి, ఆమెకి నీతులు చెప్పే పని నాకు లేదు. కానీ చూడ్డానికి బాగున్నందుకు ఇచ్చేదాన్ని సమానత్వం కింద జమ కట్టమంటే కుదరదు.

1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం, ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థలు ఆడా మగా తేడా చూపకూడదు. విశ్వవిద్యాలయం ఇచ్చే ఈ డబ్బు కూడా ఆ చట్టం కిందికే వస్తుందని 2025 జనవరిలో బైడెన్ ప్రభుత్వ విద్యాశాఖ చెప్పింది. ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం ఆ మాట వెనక్కి తీసుకుంది. అది విద్యార్థికిచ్చే సాయమైతే ఆడపిల్లలకీ వాటా ఇవ్వాలి. పేరుకి బజారు కట్టిన ధర అయితే ఇవ్వక్కర్లేదు. పని కాదనడానికి పనికొచ్చిన 'పేరు', సాయం కూడా కాదనడానికి పనికొస్తోంది. ఒకే మాటతో కార్మిక చట్టాన్నీ, స్త్రీల చట్టాన్నీ దాటేయవచ్చు.

ఆ రాజీ కేసు ఒక ఈతగాడి పేరు మీద ఉంది, గ్రాంట్ హౌస్. ఈత ఆ చివరి అయిదు శాతంలో వాటా వెతుక్కునే ఆట. ఆటగాళ్ళకి పాత బకాయిల కింద రాసిన సుమారు 280 కోట్ల డాలర్ల పంపకం టైటిల్ నైన్‌కి విరుద్ధమని 2025 జూన్‌లో ఎనిమిదిమంది క్రీడాకారిణులు అప్పీలు చేశారు. ఈసారి అడిగినవాళ్ళ పేర్లు కాగితం మీదున్నాయి.