మూలరూపమేది?

మేము గుమాస్తా ఉద్యోగము నుండి విరమించి జిగణిలో కాలము గడుపుచున్నాము. ఇచటి పారిశ్రామికవాడలో, రాతిపలకలు కోయు యంత్రముల రొద నడుమ, చిన్న వర్కుషాపొకటి కలదు. అందు మా మిత్రులొకరు తమ తండ్రిగారి పాత షెవ్రొలే పికప్పు బండిని బాగుచేయించుచున్నారు. అది 1950 ప్రాంతముది. కర్మాగారము వెడలిన నాటి రూపమునకే దానిని తేవలెనని వారి పట్టుదల. వెనుక చెక్కపలకపై తండ్రిగారు తెలుగున వ్రాయించిన ఇంటిపేరు కలదు. "ఇది కర్మాగారమునది కాదు గదా, తీసివేయింతునా?" అని వారు మమ్మడిగిరి. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

అసలు ఏ కర్మాగారము? జనరల్ మోటార్సు వారు 1928లో బొంబాయి సేవ్రీలో కర్మాగారము తెరచి, ఓడలపై పెట్టెలలో వచ్చిన భాగములను కూర్చి బండ్లు సిద్ధపరచెడివారు. 1954లో ఆ పని నిలిచినది. మన దేశమున పెక్కు లారీలకు చాసిసు, ఇంజను మాత్రమే కంపెనీ నుండి వచ్చెడివి. బాడీని మన వడ్రంగులు, కమ్మరులు కట్టెడివారు. విజయవాడ ఆటోనగరు నేటికిని ఆ పనికి పేరొందినది. కావున మూలరూపము ఒక్కచేతి పని కాదు.

ఈ శంక పాతదే. మిలిందుడను యవనరాజును నాగసేనభిక్షువు, "ఇరుసు రథమా? చక్రము రథమా?" అను రీతిని ప్రశ్నించి, భాగముల కూడికను బట్టి కలిగిన వ్యవహారనామమే రథమని తేల్చెను. థీసియసు ఓడ పలకలన్నియు మార్చిన పిదప అది ఆ ఓడయేనా యని గ్రీకులును తర్కించిరి.

ప్రభుత్వమునకును ఈ చిక్కు తప్పలేదు. 2021లో కేంద్రము చేసిన నియమముల ప్రకారము, ఏబదియేండ్లు దాటి, చాసిసు, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేక మూలరూపమున నిలిచిన బండికే వింటేజి రిజిస్ట్రేషను లభించును. 1964 నాటి వెనిసు శాసనపత్రము ప్రాచీనకట్టడములను గూర్చి చెప్పుచు, ఊహ మొదలగుచోట పునరుద్ధరణ ఆగవలెననియు, కొత్తగా చేర్చినది కొత్తదిగా తెలియవలెననియు విధించినది. శ్రీశైలము జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున తిరిగి నిలిపిరి. తావు మారినది, ఆ సంగతి నెవరును దాచలేదు. కావున మార్చుట దోషము కాదు. మార్చినది దాచి, పాతదని నమ్మించుట దోషము.

ఇంకొక దోషము కలదు. అది మేము చేసినదే. మన పూర్వులీ ప్రాంతమునకు వచ్చి ఎన్నో తరములైనవి. మన తెలుగున కన్నడపు మాటలు కలసిపోయినవి. ఆంధ్రము నుండి వచ్చిన బంధువులు నవ్విరని, మేము మా కుమార్తెను చిన్ననాడు మాటమాటకును సవరించితిమి. "అది తెలుగు కాదు" అని అందరి యెదుట అంటిమి. కొన్నాళ్లకు ఆ బిడ్డ మాతో తెలుగున మాటలాడుటయే మానినది. నేటికిని ఫోనులో కన్నడముననే పలుకరించును. రంగు గీకబోయి రేకునే చిల్లి పరచితిమి.

తుప్పు వేరు, గురుతు వేరు. తుప్పు ఇనుమును తినివేయును, దానిని తీయవలసినదే. మనుషులు ఆ బండితో బ్రదికినందున ఏర్పడిన గురుతు దాని చరిత్రలోనిది. దానిని తుడిచినచో బండి కొత్తదగునేమో గాని, మన బండి కాదు.

మరునాడు మా మిత్రులకీ మాటయే చెప్పితిమి. మార్చిన ప్రతిభాగమును తేదీతో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడని కూడ కోరితిమి. గుమాస్తా బుద్ధి ఎచటికి పోవును! వారు పుస్తకము కొన్నారు. ఇంటిపేరు గల పలకకు నూనె పూయించి, యథాస్థానమున బిగించిరి. ఈసారి మా కుమార్తె వచ్చినప్పుడు ఆ బండిని చూపవలెనని యున్నాము. ఆమె ఏ భాషలో మాటలాడినను సరిదిద్దము.