ఎలుక చేసింది న్యాయమేనా?

టామ్ అండ్ జెర్రీ చూడనివాళ్ళు మన బడిలో ఉండరు. కానీ ఆ రెండూ కనిపించిన మొదటి కార్టూన్‌లో పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్. ఎలుకనైతే ఎవరూ పేరు పెట్టి పిలవరు. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా తీసిన ఆ కార్టూన్ పేరు 'పుస్ గెట్స్ ద బూట్'. 1940లో అమెరికాలో ఎం.జి.ఎం. వాళ్ళు థియేటర్లలో వేశారు. ఆస్కార్ పోటీ దాకా వెళ్ళింది.

కథ చిన్నదే. జాస్పర్ ఎలుకను పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఆకలేసి కాదు, సరదాకి. ఆ గోలలో పూలకుండీ పగులుతుంది. ఇంటి పని చూసే ఆవిడ వచ్చి, ఇంకొక్కటి పగిలిందంటే బయటికి గెంటేస్తానని పిల్లికి చెబుతుంది. ఎలుక ఆ మాట వింటుంది. ఇంకేముంది, బల్ల అంచున గాజు గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. నన్ను ముట్టుకున్నావో, ఇది కిందపడుతుంది అన్నట్టు! అంత పెద్ద పిల్లీ ఆగిపోతుంది.

ఇంతవరకు నేను ఎలుక పక్షమే. ప్రాణం మీదికొస్తే బలం లేనివాళ్ళు తెలివే వాడాలి. పంచతంత్రంలో కుందేలు సింహాన్ని బావిలోకి దూకించింది, అది తప్పని ఏ టీచరూ మనకు చెప్పలేదు.

కానీ ఎలుక అక్కడితో ఆగదు. గ్లాసులు, పళ్ళేలు విసురుతూనే ఉంటుంది. పిల్లి చేతుల నిండా పళ్ళేల దొంతరతో కదలలేకుండా నిలబడితే వెనకనుంచి తంతుంది కూడా. మనం పగలబడి నవ్వేది సరిగ్గా అక్కడే. "మొదలుపెట్టింది పిల్లే కదక్కా! దిండ్లు పరిచి మళ్ళీ పట్టుకుంది కూడా" అంటాడు మా తమ్ముడు. నిజమే, మధ్యలో పిల్లి నేలంతా దిండ్లు పరిచేసి ఎలుకను మళ్ళీ పట్టుకుంటుంది. కాబట్టి ఎలుకకు భయం పోలేదు, ఒప్పుకుంటాను. అయితే పిల్లి చేతులు ఖాళీ లేనప్పుడు కన్నంలోకి వెళ్ళిపోవచ్చు కదా? తన్నడానికి ఆగింది చూడండి, అప్పుడది ప్రాణం కాపాడుకోవడం కాదు. ఇందాక జాస్పర్ ఆడిన ఆటే ఇప్పుడు ఎలుక ఆడుతోంది.

ఆవిడ పెట్టిన రూలు సంగతి కూడా చెప్పాలి. ఆవిడ పగిలిన వస్తువును చూస్తుంది గానీ ఎవరు పడేశారని అడగదు. ఒక క్లాసులో గోల వినబడితే లీడరుకే శిక్ష అని రూలు ఉందనుకోండి. లీడరంటే పడనివాడు డెస్కు మీద నాలుగు దెబ్బలు కొడితే చాలు! ఆ లీడరు మంచివాడు కాకపోవచ్చు, రోజూ చిన్నపిల్లల్ని ఏడిపిస్తూ ఉండొచ్చు. అయినా వాడికి శిక్ష పడింది వాడు చెయ్యని గోలకు. ఏడిపించిన సంగతి ఎవరూ అడగనేలేదు. జాస్పర్‌ని గెంటేసింది కూడా పళ్ళేలు పగిలినందుకే, ఎలుకను హింసించినందుకు కాదు. అంటే ఎలుక గెలిచింది గానీ దానికి న్యాయం జరగలేదని నా అభిప్రాయం.

"అయితే పోయి ఆవిడకే చెప్పుకోవాల్సిందా?" అన్నాడు తమ్ముడు. ఎలుకను చూడగానే స్టూలెక్కి అరిచే మనిషి ఆవిడ. ఇక దాని ఫిర్యాదు ఏం వింటుంది?