సగంలో ఆగిన పని

మొన్న సాయంత్రం కరెంటు పోయింది. మా ఇంట్లో యూపీఎస్ చచ్చి నెలైంది. కొత్త బ్యాటరీ తెస్తానని మావారు అంటూనే ఉన్నారు, అది వేరే కథ. "రీబేస్ మధ్యలో పోయిందమ్మా!" అని ముందు గదిలోంచి మా అమ్మాయి కేక. పాలు పొంగి పొయ్యి పాలైనా అది అంతగా అరవదు.

విషయం ఏమిటంటే, వాళ్ళు రాసే ప్రోగ్రాములకి గిట్ అని ఒక గుమాస్తా ఉంటుందట. లైనస్ టోర్వాల్డ్స్ అనే ఆయన 2005లో లినక్స్ పని కోసం రాసుకున్నాడు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో పద్దు రాసిపెట్టడం దాని ఉద్యోగం. మనం చేసిన మార్పులన్నీ తీసి, తోటివాళ్ళ కొత్త మార్పుల మీద ఒక్కొక్కటిగా మళ్ళీ పేర్చడాన్ని రీబేస్ అంటారు. మా అమ్మాయివి ఏడు మార్పులు. మూడోది పాతదానితో పేచీ పెడితే సర్దుతోంది. సరిగ్గా అప్పుడే పోయింది కరెంటు.

తిరిగొచ్చాక గిట్ దాన్ని లోపలికి రానివ్వలేదు. ఇంకెవరో ఇక్కడ పనిచేస్తున్నట్టున్నారే అంటుంది! ఒకేసారి ఇద్దరు చెయ్యి పెట్టకుండా, పని మొదలెట్టినప్పుడు 'ఇండెక్స్.లాక్' అని ఓ చిన్న ఫైలు పెట్టుకుంటుందట. పనైపోగానే తనే తీసేస్తుంది. మధ్యలో ప్రాణం పోతే తీసేదెవరు? లోపల మనిషి లేదు, గడియ మాత్రం వేసే ఉంది.

"తీసి పారెయ్యవే," అన్నాను.

"అలా తియ్యకూడదమ్మా. నిజంగా లోపల ఎవరైనా ఉంటే రెండు రాతలూ కలగాపులగమైపోతాయి. ఎవరూ లేరని ముందు చూసుకోవాలి."

చూసుకుని, తీసింది. ఆ తర్వాత దారులు మూడే. ఆగిన చోటినుంచి కొనసాగించడం ఒకటి. పేచీ పెట్టిన ఆ ఒక్కదాన్నీ వదిలేసి మిగతావాటితో ముందుకి పోవడం ఇంకొకటి. అంతా రద్దుచేసి, మొదలెట్టకముందు ఎలా ఉందో అలాగే చేసుకోవడం మూడోది. అది మూడోదే ఎంచుకుంది. "సర్దింది పోతుంది, పోనీ. పాతవి ఏడూ భద్రంగానే ఉన్నాయిగా," అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2013లో అమ్మ పోయిన నెలకి తెనాలిలో అక్కయ్య ఇంట్లో కూచుని అమ్మ సామాన్లు చూస్తున్నాం. కాసులపేరు దగ్గరికొచ్చాం. "ఆఖరి రోజుల్లో అమ్మ దగ్గర ఉన్నదానివి నువ్వే కదక్కయ్యా, అందుకని కాసులపేరు..." అన్నాను. "ఆటో వచ్చింది, రైలు తప్పిపోతుంది" అని బయటినుంచి బావగారు కేకేశారు. నేను లేచాను. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

నీకే చెందాలి అనబోయాను. కాని ఆ సగం మాట ఒక్కటే వింటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. అది నీ దగ్గరే ఉందిగా, ఏం చేశావ్ అన్నట్టు లేదూ? ఆ తర్వాత పెళ్ళిళ్ళకి కలిశాం, పండక్కి చీరలు పెట్టుకున్నాం. ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ నడిపించాం. నాకు కోపమని తనూ, తనకి కోపమని నేనూ. గడియ వేసింది ఎవరో, లోపల ఎవరైనా ఉన్నారో లేదో ఇద్దరం చూసుకోలేదు.

పోనీ రద్దు చేసుకుందామా అంటే, అన్నమాట అననట్టు నటించడం న్యాయమేనా? కంప్యూటర్‌కి చెల్లుతుంది, దానికి మనసు నొచ్చుకోదు. కొనసాగిద్దామా అంటే అంతకన్నా చిక్కు. మర్నాడు మా అమ్మాయిని అడిగాను, పోయినవి మళ్ళీ దొరుకుతాయా అని. పద్దులోకి ఎక్కినదైతే రిఫ్‌లాగ్ అనే దినచర్యలో వెతకొచ్చట. మామూలుగా 90 రోజులుంచుతుంది, ఏ కొమ్మకీ అంటుకోనివైతే 30. అసలు పద్దుకే ఎక్కనిదాన్ని మాత్రం గిట్ కూడా తెచ్చివ్వలేదు.

నా మాటలో రెండో సగం పద్దుకి ఎక్కలేదు. 'నీకే చెందాలి' అనబోయానని ఇప్పుడు రొమ్ము విరుచుకుని అంటున్నాను. నిజంగా అదేనా? ఆ క్షణాన కాసులపేరు మీద నాకు ఆశ లేదా? ఉంది. కొంచెం ఉంది. ఇన్నేళ్ళుగా తలుచుకుని తలుచుకుని ఆ వాక్యానికి నునుపు పెట్టింది నేనేనేమో. అలాంటప్పుడు ఈనాటి మాటని ఆనాటి మాటగా చెప్పడం కూడా ఓ రకం దొంగలెక్కే అవుతుంది.

మధ్యాహ్నం కాఫీ కలుపుకుని ఫోన్ చేశాను. మోకాళ్ళ నొప్పులూ, మామిడికాయల ధరలూ అయ్యాయి.

"అక్కయ్యా, ఆ రోజు నేనో మాట సగంలో ఆపేశాను. అప్పుడు ఏమనబోయానో నాకే సరిగ్గా తెలీదు. ఇప్పుడేమనాలో మాత్రం తెలుసు," అన్నాను.

ఏ రోజని అక్కయ్య అడగలేదు. కాసేపు ఊరుకుని, "ఆటో వచ్చిన రోజు గురించేనా?" అంది.